రీబ్రీదర్ కొనేముందు ట్రయల్ డైవ్: జాగ్రత్తలు

స్కూబా డైవింగ్ వచ్చినవాళ్లు కూడా రీబ్రీదర్‌ను (వదిలిన ఊపిరినే శుద్ధి చేసి తిరిగి పీల్చుకోనిచ్చే డైవింగ్ పరికరం) మొదటిసారి మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నం బీచ్‌లోనో దిగి చూడాలనుకోవద్దు. అలల్లో అంత బరువుతో నిలదొక్కుకోవడమే కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు పెన్నా బురద సముద్రంలో కలిస్తే చేతికున్న డిస్‌ప్లే అంకెలు కూడా కనబడవు. ఈత కొలను కావాలి, మూడు నాలుగు మీటర్ల లోతు చాలు. నెల్లూరు, ఒంగోలు నుంచి బయల్దేరేముందే ఫోన్లో రెండు అడగండి: మొదట కొలనులోనే దింపుతారా? ఏ మోడల్ నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్‌కు సర్టిఫికెట్ ఉంది? ఒక మోడల్‌కున్న సర్టిఫికెట్ ఇంకోదానికి చెల్లదు.

మామూలు సిలిండర్‌లో గాలి అయిపోవస్తే పీల్చడం బరువై తెలిసిపోతుంది. ఇక్కడ మీరు వదిలిన ఊపిరే తిరిగి మీకొస్తుంది. అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్ పట్టేస్తుంది, ఒంటికి ఖర్చయిన ఆక్సిజన్‌ను వాల్వ్ కలుపుతుంది. ఊపిరాడక గిలగిలలాడేది కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడే. అది ఎప్పటికప్పుడు పోతుంది కాబట్టి, ఆక్సిజన్ సిలిండర్ తెరవడం మరిచినా హాయిగానే పీలుస్తారు, ఉన్నట్టుండి స్పృహ పోతుంది. పది మీటర్ల లోతులో ఆక్సిజన్ పీడనం 0.2 బార్ ఉంటే ఏ తేడా తెలియదు. అలాగే పైకొస్తే అది 0.1 అవుతుంది, అక్కడ మెలకువ ఉండదు. 1.6 బార్ దాటితే మూర్ఛలు రావచ్చు. అందుకే "ఊపిరి బాగానే ఆడుతోంది కదా" అన్నమాట రీబ్రీదర్ దగ్గర చెల్లదు. అరనిమిషానికోసారి కన్ను అంకెల మీద పడాల్సిందే.

సిద్ధం చేసి ఉంచిన యూనిట్ తగిలించుకుని దూకేయకండి. బిగించేటప్పుడు పక్కనే కూర్చోండి, ట్రయల్‌కు కట్టే డబ్బు ఇక్కడే గిట్టుబాటవుతుంది. చాలా యూనిట్లలో రెండు మూడు కిలోల సోడా లైమ్ పడుతుంది. కొంచెం కొంచెంగా పోస్తూ, బియ్యం డబ్బాను తట్టి కుదించినట్టు పక్కల తడుతూ నింపాలి. ఎక్కడైనా సందు మిగిలితే ఊపిరి అందులోంచే జారిపోయి శుద్ధి కాదు. తర్వాత గాలి లాగేసి మూస్తే గొట్టాలు ముడుచుకునే ఉండాలి, నింపి మూస్తే ఉబ్బినవి తగ్గకూడదు. ఈ రెండు పరీక్షల్లో ఏది తప్పినా ఆ రోజు దిగడం లేదు. మూడు ఆక్సిజన్ సెన్సర్లలో ఒక్కటి తేడా చూపినా తయారీ తేదీ అడగండి. అవి వాడకపోయినా పాడయ్యేవే.

ఆఖర్న ముక్కు మూసుకుని ఐదు నిమిషాలు ఒడ్డున కూర్చునే యూనిట్‌లోంచి పీల్చాలి. ఏమీ కాలేదంటే స్క్రబ్బర్ (సోడా లైమ్ నింపిన డబ్బా) బాగుందని హామీ కాదు. వాల్వ్‌లు తెరిచారా, ఆక్సిజన్ అంకె నిలకడగా ఉందా అన్నది మాత్రం తేలుతుంది.

నీళ్లలో మొదటి ఇబ్బంది తేలడం. స్కూబాలో ఊపిరి పీలిస్తే కాస్త లేస్తారు. ఇందులో గాలి ఊపిరితిత్తుల్లోంచి యూనిట్‌లోని సంచిలోకి, సంచిలోంచి ఊపిరితిత్తుల్లోకి మారుతుంది అంతే, లేవరు. మాస్కులో నీళ్లు పోగొట్టడానికి ముక్కుతో ఊదితే ఆ గాలి పోయినట్టే, ఒక్కసారిగా బరువెక్కుతారు. మౌత్‌పీస్ మూయకుండా నోట్లోంచి తీస్తే గొట్టంలోకి నీళ్లు దూరతాయి. అవి సోడా లైమ్‌ను తాకి నోట్లోకొస్తే మండే క్షార ద్రవం. మింగకుండా ఉమ్మేసి, బెయిలవుట్‌కు (వేరే సిలిండర్‌తో ఉండే అత్యవసర రెగ్యులేటర్) మారి పైకొచ్చాక మంచినీళ్లతో చాలాసేపు పుక్కిలించాలి.

తలనొప్పి, ఎగశ్వాస, కారణంలేని కంగారు: ఏది మొదలైనా వెంటనే బెయిలవుట్ రెగ్యులేటర్. కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగాక నోట్లోది తీయడానికే మనసొప్పదు. కాబట్టి ఒడ్డునే కళ్లు మూసుకుని బెయిలవుట్ అందుకునేదాకా సాధన చేయండి.

ఇక మన వైపు ప్రత్యేకంగా వచ్చే ఆలోచన ఒకటుంది: రొయ్య పిల్లల ప్యాకింగ్‌కు హేచరీల్లో ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి కదా, అందులోంచి పట్టుకుంటే? పట్టకండి. పీల్చడానికి తగిన శుద్ధి ఉందని దానికి పూచీ లేదు. మామూలు ఫిటింగులో గ్రీజు మరక ఉన్నా ఆక్సిజన్ ఒత్తిడికి నిప్పంటుకోవచ్చు. చెరువుల్లో చల్లే సున్నం సోడా లైమ్‌కు బదులు కాదు. ఆసుపత్రిలో మత్తుయంత్రాలకు వాడే సోడా లైమ్ గింజ సైజు వేరుగా ఉండొచ్చు, తయారీదారు చెప్పిన రకమే వాడాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో సెన్సర్లు వదిలేస్తే వాటి ఆయుష్షు తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే సర్వీసు కాగితం, సెన్సర్ల తేదీ ముందు అడగండి. కోర్సు ఖర్చు, ఏటా మార్చే సెన్సర్లు, దిగిన ప్రతిసారీ పోయే సోడా లైమ్ కూడితే ఎంతవుతుందో తేలాకే ధర మాట్లాడండి.