కల్లం కావలికి నైట్ విజన్ కొన్నారా? దాన్ని కంటికి పెట్టుకుని అడుగు వేయకండి

పోయిన వారం ప్రత్తిపాడు వైపు ఒక కుర్రాడు మిరప కల్లం కావలికి వెళ్ళి, చీకట్లో చూపించే నైట్ విజన్ బైనాక్యులర్ కంటికి పెట్టుకునే డొంక దాటబోయి మురుగు కాలవలో పడ్డాడు. కాలు విరిగింది. ఇలాంటిది వినడం ఇదే మొదటిసారి కాదు, ప్రతిసారీ కారణం మాత్రం ఒకటే. కాయ కల్లాల మీద ఎండుతోంది, దొంగల భయంతో చాలామంది ఆన్‌లైన్‌లో ఈ డబ్బాలు తెప్పించుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను. చార్జింగ్ పెట్టుకోండి, తాడు మెడలో వేసుకోండి లాంటివి పెట్టె మీదే ఉంటాయి, అవి నేను చెప్పను.

ముందు మీ చేతిలో ఉన్నదేంటో తెలుసుకోండి. మిలిటరీవాళ్ళు వాడేదాంట్లో ఒక ట్యూబు ఉంటుంది. చుక్కల వెలుతురు లోపలి పొర మీద పడితే ఎలక్ట్రాన్లు పుడతాయి, సన్నటి రంధ్రాలున్న పలక గుండా పోతూ అవి వేల రెట్లవుతాయి, చివర ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే ఫాస్ఫర్ తెరకు తగిలి పచ్చటి బొమ్మ కనిపిస్తుంది. మనం తెప్పించుకునే చౌక రకంలో ఇదేమీ లేదు. సెల్‌ఫోన్లో ఉండేలాంటి కెమెరా సెన్సార్, పక్కన ఒక ఇన్‌ఫ్రారెడ్ లైటు, అంతే. మన కంటికి కనపడని టార్చి వేసి చూస్తుందన్నమాట. ఆ లైటు తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లైతే దూరం బాగా పోతుంది, కానీ ఎదుటివాడు అటు చూస్తే చిన్న ఎర్ర చుక్క కనిపిస్తుంది. 940ది కనపడదు, దూరం తక్కువ. దొంగను చాటుగా పట్టేద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. అసలు ఒంటరిగా పట్టబోకండి, పదిమందిని పిలవండి.

ఇక అసలు సంగతి. ఇది ఒకచోట నిలబడి చూడ్డానికే. దీన్ని కంటికి పెట్టుకుని నడవకూడదు, నాలుగడుగులైనా సరే.

మామూలుగా రెండు కళ్ళతో 180 డిగ్రీల దాకా చూస్తాం. సైనికుల గాగుల్స్‌లోనే అది సుమారు 40కి పడిపోతుంది, జూమ్ ఉన్న మన డబ్బాలో ఇంకా తక్కువ. వంద గజాల అవతల బరకం మీద పడుకున్న కుక్క స్పష్టంగా కనిపిస్తోందంటే ఫోకస్ అక్కడుంది, మీ కాళ్ళ దగ్గరంతా మసకే. చాలావాటిలో రెండు కళ్ళకీ చూపించేది ఒకే కెమెరా బొమ్మ కాబట్టి గట్టు ఎత్తెంతో, గుంట లోతెంతో తేలదు. పైగా రంగులు మోసం చేస్తాయి. ఇన్‌ఫ్రారెడ్‌లో పచ్చటి ఆకూ, ఎర్రటి కాయల రాశీ తెల్లగా కనిపిస్తాయి, కదలని నీళ్ళు నల్లగా ఉంటాయి, తడిసిన నల్లరేగడి కూడా నల్లగానే ఉంటుంది. ఏది కాలవో ఏది నేలో ఆ తెర చూసి చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

డబ్బా దించాక ఇంకో దెబ్బ ఉంది. తెర వెలుతురు చూసిన కన్ను మళ్ళీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. దించిన వెంటనే 'దారి నాకు తెలిసిందేలే' అని కదిలేవాడే పడతాడు. కాబట్టి నిలబడండి, చూడండి, దించండి, టార్చి వేయండి, అప్పుడు కదలండి. తెర బ్రైట్‌నెస్ ఎప్పుడూ బాగా తగ్గించి పెట్టుకోండి.

పాముల విషయంలో దీన్ని అస్సలు నమ్మకండి. కుక్క, పిల్లి, నక్క, గొడ్డు కళ్ళ వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, అందుకే లైటుకు మెరుస్తాయి. పాముకు ఆ పొర లేదు. అడవి పందికీ లేదు, మొక్కజొన్న చేలో పందుల మెరిసే కళ్ళ కోసం కాచుకు కూర్చునేవాళ్ళు తెల్లారేదాకా అలాగే కూర్చుంటారు. ఎక్కువ డబ్బు పెట్టి ఒంటి వేడిని బట్టి చూపించే థర్మల్ రకం కొన్నా పాము ఒళ్ళు దాదాపు నేలంత వేడే కాబట్టి అందులో కలిసిపోతుంది.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

కాయలు కెలికిన చేత్తో కంటి దగ్గరి రబ్బరు ముట్టుకోకండి. ఆ ఘాటు ఒక్కసారి సబ్బుతో కడిగితే పోదు, కళ్ళు మండితే ఆ రాత్రికి మీ కావలి అయిపోయినట్టే.

లైటు పిల్లల కళ్ళలోకి వేయనివ్వకండి. కనపడదు కాబట్టి రెప్ప పడదు, కంటిపాపా ముడుచుకోదు. లేజర్ ఉన్న రకమైతే మనిషి మొహం వైపే తిప్పొద్దు.

బండి మీద వద్దు. ట్రాక్టర్ మీద వద్దు. మంచె దిగేటప్పుడు వద్దు.

మంచు పడుతుంటే, దుమ్ము లేస్తుంటే లైటు తగ్గించండి, లేకపోతే తెరంతా తెల్లబడుతుంది. కారు అద్దంలోంచి చూసినా అంతే.

ట్యూబు రకం ఎవరి దగ్గరైనా ఉంటే పగలు మూత తీయొద్దు. డిజిటల్‌దైనా సూర్యుడి వైపు తిప్పొద్దు.

పందుల కోసం పొలాల చుట్టూ దొంగ కరెంటు తీగ లాగేవాళ్ళు ఇంకా ఉన్నారు, అంత సన్న తీగ ఈ తెర మీద కనపడుతుందని అనుకోకండి. పక్క చేలో అడుగు పెట్టకండి.

పంది కనిపించింది కదా అని వేటకు దిగకండి, అనుమతి లేకుండా చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

తాగినవాడి చేతికి ఇవ్వొద్దు.

ఇద్దరుంటే ఒకడే చూడాలి, రెండోవాడి చేతిలో టార్చి ఉండాలి.

టిక్కీల (మిరపకాయల బస్తాల) పక్కన నేల మీద పడుకోకండి. మంచం, దోమతెర. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కరిచిందనిపిస్తే తాడు బిగించొద్దు, కోయొద్దు, మంత్రాలవాడి దగ్గరికి పోవద్దు, 108కి ఫోన్ చేసి దగ్గరి ప్రభుత్వాసుపత్రికో గుంటూరు పెద్దాసుపత్రికో (జీజీహెచ్) వెళ్ళండి.

పక్క కల్లం నుంచి కేక వినపడిందనుకోండి, అప్పుడే అందరూ కంటికి పెట్టుకునే పరుగెత్తేది. కేక వేసింది మీ సొంత తమ్ముడైనా సరే, ముందు డబ్బా దించండి, టార్చి వేయండి, ఆ తర్వాతే కాలు కదపండి.