మొగలి అత్తరుకు దేవదారు అడుగు: 10 గ్రాముల రోలాన్ కలిపే పద్ధతి

గంజాం జిల్లాలో మొగలి అత్తరు దొరకడం కష్టం కాదు, ఒంటికి రాసుకునేంతగా దాన్ని అణచడమే కష్టం. ఛత్రపురం, బరంపురం వైపు వానాకాలంలో బట్టీ దిగే ఆ సరుకు ఒక్క చుక్కకే గదంతా నిండుతుంది. దాని కింద పొడిగా, తీపి లేకుండా నిలిచే చెక్కవాసన ఉండాలి. అసలు చందనం ధర అందేది కాదు గనుక దేవదారు.

నూనె కొనేటప్పుడు సీసా మీద శాస్త్రీయ నామం చూడండి. సీడ్రస్ డియోడారా అంటే హిమాలయ దేవదారు. కాస్త కర్పూరం, కాస్త పొగ, బరువైన వాసన. జునిపెరస్ వర్జీనియానా అని ఉంటే అమెరికా సరుకు. అది జునిపర్ జాతి చెట్టు. పెన్సిల్ చెక్కినప్పటి వాసన దానిదే. ఉత్త ‘సీడర్‌వుడ్’ అని రాసిన సీసా ముట్టుకోవద్దు.

0.01 గ్రాము చూపే కాటా మీద గాజు సీసా పెట్టి ఈ వరుసలో తూచండి: వర్జీనియా 0.70, హిమాలయ 0.30, వట్టివేళ్ల నూనె 0.15, మొగలి అత్తరు 0.10, చివర నారింజ తొక్క నూనె 0.25. మొత్తం 1.50 గ్రాములు. చుక్కలు లెక్కపెడితే కుదరదు. వట్టివేళ్ల నూనె చిక్కన, దాని చుక్క మిగతావాటి చుక్కతో తూగదు. మీ దగ్గరున్నది అత్తరు కాక రూహ్ (వేరే నూనె కలవని అసలు సారం) అయితే, ముందు పదో వంతుకు పలచన చేసి ఆ పలచన నుంచే 0.10 వేయండి.

మూత బిగించి చీకట్లో వారం ఉంచాక 8.50 గ్రాముల ఎంసీటీ నూనె (కొబ్బరినూనె వంటివాటి నుంచి వేరుచేసిన, చలికి తేలిగ్గా గడ్డకట్టని పలచటి నూనె) కలపండి. వంటింటి కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, కోరాపుట్ చలికి రోలాన్ బంతి తిరగదు. ఇంకో వారం ఆగి, మోచేతి లోపలివైపు కొంచెం రాసి, ఒకరోజు చూశాకే వాడండి.

పెన్సిల్ డబ్బా వాసన కొడితే వర్జీనియాను 0.10 తగ్గించి ఆ మేరకు హిమాలయ పెంచాలి. టర్పెంటైన్ వాసన వస్తే తప్పు ఎక్కువగా పాత నారింజ నూనెది. గాలి తగిలి పాడైన ఆ నూనె చర్మాన్ని మండిస్తుంది, పారేయండి. అరగంటకే దేవదారు మాయమైందనిపిస్తే వెంటనే ఇంకా పోయకండి. ముక్కు దానికి అలవాటుపడి ఉండవచ్చు. బయట తిరిగొచ్చి మళ్లీ చూడండి. కొన్న సీడర్ నూనెలో తెల్లటి పలుకులు కనబడితే కల్తీ అని కంగారుపడొద్దు. అది సాధారణంగా సీడ్రాల్, సీడర్ నూనెలో సహజంగా ఉండే పదార్థమే. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, పలుకులు పూర్తిగా కరిగాకే తూచండి. పైన తేరిన నూనె ఒక్కటే తీస్తే పాళ్లు తప్పుతాయి.