మోకాలు నొప్పి తర్వాత మళ్లీ స్క్వాట్

మోకాలిచిప్ప కింద టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ) నొప్పెడుతుంటే జిమ్ మొత్తం మానక్కర్లేదు, ఎత్తే బరువు తగ్గిస్తే చాలు. మొదటి రెండు వారాలు గోడకుర్చీ (బళ్లో వేయించిందే): 45 సెకన్లు, 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. నొప్పి పదికి మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందంటే ముందురోజు ఎక్కువైనట్టే.

తర్వాత పాత బరువులో సగంతో, 3 సెకన్లలో కిందికి దిగుతూ స్క్వాట్: 8 చొప్పున 3 సెట్లు. వారానికి 2.5 కిలోలే పెంచండి. అలిపిరి 3,550 మెట్లు ఎక్కాల్సొస్తే దిగడం మాత్రం బస్సులోనే. మోకాలికి అసలు భారం దిగేటప్పుడే.

జిమ్ చేసే 70 కిలోల మనిషికి రోజుకు దాదాపు 110 గ్రాముల ప్రొటీన్ కావాలి. సంగటి, చెనిక్కాయల ఊరిబిండితో అది రాదు: 100 గ్రాముల చెనిక్కాయల్లో ప్రొటీన్ 25 గ్రాములే, క్యాలరీలు 560 పైమాటే. గుడ్లు, పెరుగు, చికెన్ కలపండి.

మోకాలు వాచినా, చాపలేకుండా పట్టేసినా వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.