గ్రీన్ టీ వార్త పట్టుకుని మందుల షాపుకు వచ్చే ముందు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త ఇవతల మాది మందుల షాపు. గ్రీన్ టీ డబ్బాలు నేనూ అమ్ముతాను కాబట్టి దాని మీద నాకు పగ ఏమీ లేదు. అయితే ఫోనులో వార్త చూపించి "మేడమ్, ఇది తాగితే పొట్ట కరిగిపోతుందట, ఒకటి ఇవ్వండి" అనే వారికి డబ్బా తీసి ఇచ్చే ముందు నాలుగు మాటలు చెప్పడం అలవాటైంది. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

వార్తలో ముందుగా వెతకాల్సింది శాస్త్రవేత్త పేరు, దేశం పేరు కాదు. పరిశోధకులు దేన్ని కొలిచారో వెతకండి. "గ్రీన్ టీ మంచిదా?" అన్నది కొలవడానికి వీలైన ప్రశ్న కాదు. రక్తంలో కొవ్వు ఎంత తగ్గింది, బరువు ఎంత తగ్గింది, ఎంతమంది చనిపోయారు అన్నవి కొలవవచ్చు. అది తెలిశాక, తేడా ఎంత వచ్చిందో అంకెల్లో చూడండి. "గణనీయంగా తగ్గింది" అని మాత్రమే రాసి అంకె ఇవ్వని వార్తను నేను పక్కన పెట్టేస్తాను.

కొలెస్ట్రాల్ సంగతే చూడండి. 14 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టిన విశ్లేషణ ఒకటి 2011లో వచ్చింది. గ్రీన్ టీ వల్ల చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుందని తేలింది. లెక్కల ప్రకారం ఆ తేడా నిజమైనదే, కాకతాళీయం కాదు. ఎంత తగ్గింది? సగటున రెండు పాయింట్ల పైచిలుకు. అంటే మీ ల్యాబ్ రిపోర్టులో 140 ఉన్న చోట 138 అవుతుంది. డాక్టరు రాసిన మాత్ర ఆపడానికి ఇది చాలదు. బరువు విషయం ఇంకా చిత్రం. బరువు ఎక్కువగా ఉన్నవారి మీద జరిగిన ప్రయోగాలను, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012లో సమీక్షించింది. జపాన్ బయట జరిగిన వాటిలో సగటు తగ్గుదల 0.04 కిలోలు, అంటే 40 గ్రాములు. పప్పు డబ్బాలోంచి తీసిన ఒక గుప్పెడు! షుగరు మీద ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కనిపించిన చోట కూడా తేడా చిన్నదే.

ఆ తర్వాత, మనుషులకు టీ ఇచ్చి చూశారా, తాగేవారిని దూరం నుంచి గమనించారా అన్నది పట్టుకోండి. అందరూ ఉదహరించే జపాన్ పరిశోధన రెండో రకం. మియాగి ప్రాంతంలో 40,530 మందిని 1994 నుంచి పదకొండేళ్ళ వరకు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు కప్పు కూడా తాగని వారితో పోలిస్తే ఐదు కప్పులు, అంతకు మించి తాగిన ఆడవారిలో మరణాలు 23 శాతం, మగవారిలో 12 శాతం తక్కువ. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారిలో తేడా ఇంకా ఎక్కువ. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. మనకు చేరే వార్తల్లో ఈ ఆఖరి ముక్క ఎక్కడో జారిపోతుంది. పొగతాగడం, తిండి, నడక వంటివి లెక్కలో సర్దారు గానీ మనిషి జీవితాన్ని పూర్తిగా సర్దడం ఏ లెక్కకూ సాధ్యం కాదు. పైగా అక్కడివారు పాలూ పంచదారా లేకుండా తాగుతారు. మనం రెండు చెంచాల తేనె కలిపి, ఆ 23 శాతం మాకూ వస్తుందా అని అడుగుతాం.

మరి పది మందితో చేసిన పరిశోధనను నమ్మవచ్చా? ఒక్కోసారి నమ్మవచ్చు. 2014లో జపాన్‌లో పది మంది ఆరోగ్యవంతుల చేత రోజుకు 700 మిల్లీలీటర్ల గ్రీన్ టీ రెండు వారాలు తాగించి, నాడోలాల్ అనే బీపీ మాత్ర ఇచ్చారు. రక్తంలో ఆ మందు గరిష్ఠ మోతాదు 85 శాతం పడిపోయింది. పేగుల్లో మందు శరీరంలోకి చేరే దారినే టీ అడ్డుకుంటోందని వాళ్ళ అంచనా. ఇక్కడ అడిగిన ప్రశ్న చిన్నది: రక్తంలో మందు ఎంత ఉంది? దానికి పది మంది సరిపోయారు. ఆయుష్షు పెరుగుతుందా అన్నదానికి 40 వేల మంది కూడా తిరుగులేని జవాబు ఇవ్వలేకపోయారు. నాడోలాల్ మా షాపులో అడిగేవారు అరుదు. అయినా గుండెకో బీపీకో మందులు వాడుతుంటే, రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకుంటుంటే, గ్రీన్ టీ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మందుల చీటీలో లేదు కదా అని దాచకండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది క్యాప్సూళ్ళ గురించి. ఆకు వేరు, ఆకు సారం వేరు. టీలో ఎక్కువగా చర్చకు వచ్చే పదార్థం ఈజీసీజీ. టీ తాగేవారికి రోజుకు 90 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా అందుతుందని, టీగా తాగితే సాధారణంగా భయం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. క్యాప్సూళ్ళ రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవారిలో మాత్రం కాలేయం దెబ్బతింటోందనడానికి గుర్తులైన ఎంజైములు పెరిగాయి. ఖాళీ కడుపుతో మింగితే అది ఒంట్లోకి మరింత ఎక్కువగా చేరుతుంది. సీసా మీద ఈజీసీజీ ఎంతో రాయకపోతే కొనకండి. ఉద్దానం వైపు నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవారు "క్రియాటినిన్ దిగుతుందట" అని అడుగుతారు (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె అది). కిడ్నీ డాక్టరు చెప్పకుండా అలాంటి సీసా ఏదీ ముట్టవద్దంటాను. డయాలసిస్ మీద ఉన్నవారికి టీ కూడా రోజువారీ నీళ్ళ కొలతలోకే వస్తుంది.

ఇంతా విని, రుచి నచ్చి తాగాలనుకుంటే హాయిగా తాగండి. నీళ్ళు మరిగాక పొయ్యి కట్టేసి, మూత తీసి కాసేపు ఆగండి. 80 డిగ్రీల దగ్గర ఆకు వేసి రెండు మూడు నిమిషాల్లో వడకట్టండి. సలసల మరిగే నీళ్ళలో వేస్తే చేదెక్కుతుంది. నాలుక కాలేంత వేడిగా తాగకండి. 65 డిగ్రీలు దాటిన పానీయాల వల్ల అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. నిద్ర పట్టనివారు సాయంత్రం మానుకోవాలి, ఇందులోనూ కెఫీన్ ఉంది.

రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలకు ఇంకో మాట. ఆకుకూరల్లో, చోడి (రాగి) అంబలిలో ఉండే ఇనుమును టీ సరిగా ఒంటబట్టనివ్వదు. అన్నానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. ఐరన్ మాత్రను మంచినీళ్ళతోనే వేసుకోండి.