అవ్వ జీవితాన్ని రాసిపెట్టుకునే పద్ధతి

తొంభై ఏళ్లు బతికిన అవ్వ గురించి దశదినకర్మ నాటికి నాలుగు పేజీలు రాయదలచినవారు, ఆమె పుట్టిన సంవత్సరం కోసం ఆధార్ కార్డును గుడ్డిగా నమ్మకూడదు. అందులో జనవరి 1 అని ఉంటే అది బహుశా ఎవరో అంచనాగా వేసిన తేదీయే. నల్లగొండ పల్లెల్లో పెద్దవాళ్లు కాలాన్ని సంఘటనలతో కొలిచేవారు కనుక, రజాకార్ల నాటికి ఆమె ఎంత పిల్ల, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగేనాటికి పెళ్లయిందా, 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినప్పుడు ఆమె ఒడిలో ఎవరున్నారు అని తోబుట్టువులను అడిగితే లెక్క చాలావరకు కుదురుతుంది.

తరువాత ఆమె చేసిన పని గురించి అడగాలి. "చాలా కష్టపడింది" అన్న మాట ఏమీ చెప్పదు. మా అవ్వ తెల్లవారుజామునే జొన్నలు విసిరి, గట్క వండి, సద్దిమూట నెత్తిన పెట్టుకుని కలుపుకు పోయేదని, ఇసుర్రాయి పిడి ఒరుసుకున్న చోట ఆమె అరచేయి చివరిదాకా కాయకట్టే ఉండేదని రాసినప్పుడే మనవలకు ఆమె కనబడింది. ఫ్లోరైడ్ నీళ్ల మర్రిగూడ, మునుగోడు వైపు వారైతే మంచినీళ్ల కోసం ఎంత దూరం నడిచిందో, పాలమూరు వారైతే వలస పోయిన ఏళ్లలో పిల్లలను ఎవరి దగ్గర విడిచిందో తప్పక అడగాలి. ఇవి ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఆమె మాటలను మాత్రం దిద్దకుండా, "తిన్నవా బిడ్డా" అన్నది అన్నట్టే ఉంచాలి.