బాస్కెట్‌బాల్ స్కోరింగ్ నేర్చుకుందాం – 6వ పాఠం: జార్జ్ గెర్విన్ ఫింగర్ రోల్

పోయిన పాఠంలో లేఅప్ (పరుగున రింగ్ దగ్గరికి వచ్చి, ఎగిరి బంతి వేయడం) అడుగులు పూర్తిచేశాం. ఆ అడుగులు ఇంకా తడబడుతుంటే ఈ పాఠాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఫింగర్ రోల్‌కి, అంటే బంతిని వేళ్ళ మీదుగా దొర్లించి రింగ్‌లో వేసే షాట్‌కి, కొత్త అడుగులేమీ లేవు. కుడిచేతి వాళ్ళకి కుడికాలు, ఎడమకాలు, ఎగరడం, అంతే. మారేదల్లా చివర్లో చెయ్యి చేసే పని. అడుగుల గురించి ఆలోచిస్తూ ఉన్నంతసేపూ ఆ చెయ్యి మీ మాట వినదు.

ఈసారి మన గురువు జార్జ్ గెర్విన్. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులు ఏబీఏ, ఎన్‌బీఏ రెండింట్లో కలిపి 26,595 పాయింట్లు చేసినవాడు. ఎన్‌బీఏలో సగటు పాయింట్లలో 1978, 1979, 1980, 1982 సీజన్లలో మొదటి స్థానం ఆయనదే. గార్డుగా (రింగ్‌కి దూరంగా ఉండి ఆట నడిపే స్థానంలో) ఆడి అన్నిసార్లు ఆ స్థానం అందుకున్నవాడు మైకేల్ జోర్డాన్ వచ్చేదాకా మరొకడు లేడు. 1978, 1979 నాటికి ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీతే లేదని గుర్తుపెట్టుకోండి. అది 1979–80 సీజన్‌లో వచ్చింది. అంటే ఆ రెండేళ్ళూ ఆయన వేసిన ప్రతి బాస్కెట్‌కీ రెండే పాయింట్లు.

ఫింగర్ రోల్‌ని గెర్విన్ కనిపెట్టలేదు. విల్ట్ చాంబర్లిన్ అంతకుముందే వాడాడు. కాకపోతే ఏడడుగుల పైచిలుకు ఎత్తున్న చాంబర్లిన్ రింగ్ పక్కనే ఉండి బంతిని లోపలికి జారవిడిచేవాడు. గెర్విన్ అదే షాట్‌ని పరుగులోకి తెచ్చాడు. పెయింట్ (రింగ్ ముందు గీతల మధ్య రంగు వేసిన చోటు) మధ్యలోంచి, ఒక్కోసారి ఫ్రీత్రో (ఫౌల్‌కి దక్కే ఉచిత షాట్) గీతకు కాస్త ఇవతల నుంచే ఎగిరి, చెయ్యి పూర్తిగా చాపి, బంతిని వేళ్ళ మీదుగా దొర్లించేవాడు. బాస్కెట్‌బాల్‌లో ఇంతకంటే అందమైన షాట్ ఇంకోటి లేదని నా అభిప్రాయం. డంక్ (ఎగిరి బంతిని చేత్తోనే రింగ్‌లో కుక్కేయడం) అభిమానులు నన్ను క్షమించాలి.

ఖాళీ జిమ్‌లో మొదలు

గెర్విన్ 1952లో డెట్రాయిట్‌లో పుట్టాడు. హైస్కూల్ తొలి రోజుల్లో పొట్టిగా, పుల్లలా ఉండేవాడు. జట్టులో చోటే కష్టమనిపించింది. మార్టిన్ లూథర్ కింగ్ హైస్కూల్లో శుభ్రం చేసే ఉద్యోగి ఒకరు సాయంత్రాలు అందరూ వెళ్ళిపోయాక జిమ్‌లో ఉండనిచ్చేవారు. షరతు ఒక్కటే: ఆట అయ్యాక నేల ఊడ్చిపెట్టాలి. ఆ ఖాళీ జిమ్‌లో ఒంటరిగా వేసిన షాట్లే ఆయనకి అసలు బడి. తర్వాత పొడవు పెరిగాడు, 6 అడుగుల 7 అంగుళాల దాకా. బరువు మాత్రం దానికి తగ్గట్టు పెరగలేదు. ఎన్‌బీఏ ఆడే రోజుల్లో కూడా 84 కిలోలకు అటూఇటూనే.

మన పాఠానికి ముఖ్యమైన విషయం ఈ బరువే. అంత సన్నటి మనిషి రింగ్ కిందికి దూసుకెళ్ళి, రింగ్ దగ్గర కాపలా కాసే వంద కిలోల సెంటర్లను ఢీకొని బంతి వేయాలంటే ఒళ్ళు హూనమవుతుంది. వాళ్ళ దాకా వెళ్ళకముందే, వాళ్ళ చేతులకు అందని ఎత్తులో బంతిని వదిలేస్తే ఆ గొడవే ఉండదు. చూడ్డానికి షోకుగా కనిపించే ఈ షాట్ వెనక ఉన్నది పక్కా అవసరం. మీరూ సన్నగా, తేలికగా ఉంటే ఈ పాఠం మీ కోసమే. బలంగా ఉన్నవాళ్ళు నేర్చుకోకూడదని కాదు, వాళ్ళకి వేరే దారులు కూడా ఉన్నాయి.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో ఆడుతూ, 1972లో ఒక మ్యాచ్‌లో అవతలి ఆటగాణ్ణి కొట్టాడు. దాంతో కాలేజీ ఆట ముగిసింది. పాంటియాక్ అనే చిన్న ఊళ్ళో చిన్న లీగ్‌లో ఆడుకుంటుంటే ఏబీఏ జట్టు వర్జీనియా స్క్వైర్స్ కళ్ళలో పడ్డాడు. అక్కడ కొన్నాళ్ళు ఏబీఏ స్టార్ జూలియస్ ఎర్వింగ్ పక్కన ఆడాడు. సహచరుడు ఫ్యాటీ టేలర్ పెట్టిన ముద్దుపేరు ‘ఐస్‌మ్యాన్’ అక్కడి నుంచే వెంట వచ్చింది. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు మరి. డబ్బుకి కటకటలాడుతున్న స్క్వైర్స్ యజమాని ఆయన్ని 1974లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కి అమ్మేశాడు. 1976లో ఏబీఏ మూతపడి, స్పర్స్‌తో సహా నాలుగు జట్లు ఎన్‌బీఏలో చేరాయి. అప్పుడే కోచ్ డగ్ మో ఆయన్ని ఫార్వర్డ్ నుంచి గార్డుకి మార్చాడు. ఇక చూడండి, 6 అడుగుల 2, 3 అంగుళాల గార్డులు 6 అడుగుల 7 అంగుళాల మనిషిని కాపలా కాయాల్సి వచ్చింది.

ముందు చెయ్యి

ఇప్పుడు బంతి తీసుకోండి. పరుగు వద్దు, ఎగరడం వద్దు. నిలబడండి.

కుడిచెయ్యి ముందుకు పెట్టి అరచేతిని పైకి తిప్పండి. వేళ్ళు విడివిడిగా ఉంచి బంతిని వాటి మీద పెట్టుకోండి. బంతి కూర్చోవాల్సింది వేళ్ళ కణుపుల మీద, అరచేతి గుంటలో కాదు. పక్క నుంచి చూస్తే బంతికీ అరచేతికీ మధ్య వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే వేళ్ళు ఇంకాస్త విప్పండి. బొటనవేలు పక్కకి ఉంటుంది. బంతి జారిపోకుండా చూడ్డమే దాని పని, నెట్టడం కాదు.

మోచెయ్యి కొద్దిగా వంచి, చేతిని నెమ్మదిగా పైకి లేపండి. చెయ్యి దాదాపు పూర్తిగా సాగిందనగా మణికట్టును చిన్నగా మీవైపు వంచండి. బంతి వేళ్ళ మొదళ్ళ నుంచి చివర్లకు దొర్లి, చూపుడువేలు, నడిమివేలు కొసల్ని ఆఖరున తాకి వెళ్ళాలి. ఆ ఆఖరి స్పర్శ మీకు స్పష్టంగా తెలియాలి. బంతి వెళ్ళిపోయాక ఏ వేలు చివరగా తాకిందని ఎవరైనా అడిగితే చెప్పగలగాలి. చెప్పలేకపోతే బంతిని దొర్లించలేదు, విసిరేశారన్నమాట.

గాల్లో బంతి నెమ్మదిగా తిరగాలి. గిర్రున తిరుగుతుంటే మణికట్టు తొందరపడుతోందని అర్థం. బంతి పక్కకి పోతుంటే చిటికెనవేలి వైపు బరువు పడుతోంది. ఎక్కువమందిలో కనిపించే లోపం ఇదే. దీనికి మందు బంతిని తలెత్తి చూడ్డం కాదు, మోచెయ్యిని పక్కటెముకల వైపు దగ్గరికి లాక్కోవడం.

పాత మ్యాచ్‌ల వీడియోలు దొరుకుతాయి, తప్పక చూడండి. కానీ మొదటిసారి చూసేటప్పుడు బంతిని వదిలేసి గెర్విన్ మెడ, భుజం మీద కన్నేయండి. చెయ్యి అంత పొడవునా సాగినా భుజం బిగుసుకోదు, తల వంగదు. మనవాళ్ళు మాత్రం ఎగరగానే భుజాన్ని చెవి దాకా లాగేస్తారు. భుజం బిగిస్తే వేళ్ళూ బిగుస్తాయి, ఇక బంతి దొర్లదు.

ఎందుకు అంత ఎత్తు?

రింగ్ లోపలి వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లు, బంతి వ్యాసం సుమారు 24. అంటే నిట్టనిలువుగా పై నుంచి పడే బంతికి దాదాపు రెండింతల చోటు ఉంది. అదే బంతి నేలకి 30 డిగ్రీల కోణంలో చదునుగా వస్తే, దానికి ఎదురయ్యే రింగ్ వెడల్పు 23 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. 24 సెంటీమీటర్ల బంతి అందులో ఎలా పడుతుంది? అంచుకి తగిలి తీరుతుంది. 45 డిగ్రీలైతే 32 సెంటీమీటర్లు, 60 అయితే 39. ఫింగర్ రోల్ రింగ్ పైకి లేచి దాదాపు నిలువుగా దిగుతుంది కాబట్టి తప్పు చేయడానికి మీకు ఎక్కువ జాగా ఉంటుంది.

రెండో లాభం రూల్స్‌లోంచి వస్తుంది. రింగ్ కంటే ఎత్తులో ఉన్న బంతి కిందికి దిగడం మొదలయ్యాక డిఫెండర్ దాన్ని తాకితే గోల్‌టెండింగ్, బాస్కెట్ ఇచ్చేస్తారు. అంటే బ్లాక్ చేయాలనుకునేవాడికి బంతి లేచే కాసేపే అవకాశం. పొడవుగా చాపిన చేతి కొస నుంచి వదిలారంటే ఆ కాసేపు కూడా వాడికి చాలదు. మీనమేషాలు లెక్కించి, చెయ్యి కిందికి దిగుతున్నప్పుడు వదిలారో, ఈ లాభమంతా పోయినట్టే.

ఒక జాగ్రత్త. డ్రిబుల్ చేస్తూ (బంతిని నేలకి కొడుతూ కదులుతూ) అరచేతిని బంతి కిందికి తిప్పి మోసుకెళ్తే అది ఫౌల్ కాకపోయినా వయలేషనే, బంతి అవతలివాళ్ళకి వెళ్తుంది. కాబట్టి డ్రిబుల్ ఆపి రెండు చేతులా బంతి అందుకున్నాకే అరచెయ్యి పైకి తిరగాలి. ఎడమచెయ్యి రెండో అడుగు దాకా బంతి మీదే ఉండనివ్వండి. ఎగిరాక అది పక్కకి తప్పుకుని మీ ఒంటికి అడ్డుగా ఉంటుంది. దాంతో డిఫెండర్‌ని నెట్టారో, విజిల్ మీ మీదే.

49 షాట్లు

తప్పిన షాట్ల గురించి బెంగ పెట్టుకునేవాళ్ళకి ఈ కథ చెప్పాలి. 1978 ఏప్రిల్ 9, సీజన్ ఆఖరి రోజు. సగటు పాయింట్లలో మొదటి స్థానం కోసం గెర్విన్‌కీ డెన్వర్ ఆటగాడు డేవిడ్ థాంప్సన్‌కీ మధ్య పోటీ. మధ్యాహ్నం థాంప్సన్ డెట్రాయిట్ మీద ఏకంగా 73 పాయింట్లు చేసి, 80 మ్యాచ్‌ల్లో 2,172తో సగటును 27.15కి చేర్చాడు. గెర్విన్‌కి 81 మ్యాచ్‌ల్లో 2,169 ఉన్నాయి. లెక్క వేసుకోండి: ఆ రాత్రి ఆయనకి కనీసం 58 కావాలి.

న్యూ ఓర్లీన్స్‌లో మ్యాచ్ మొదలైంది. తొలి షాట్లు వరసగా తప్పాయి. ఇక వదిలేద్దాం అని సహచరులతో అన్నాడట. వాళ్ళు ఒప్పుకోలేదు, బంతి ఆయనకే ఇస్తూ పోయారు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 20 పాయింట్లు. రెండో క్వార్టర్‌లో 33. ఒక్క క్వార్టర్‌లో అన్ని పాయింట్ల రికార్డు 2015లో క్లే థాంప్సన్ 37 చేసేదాకా ఎవరూ దాటలేదు. చివరికి 63 పాయింట్లు, సగటు 27.22. సగటులో తేడా 0.07.

నా విద్యార్థులకి నేను చూపించేది 63 కాదు. ఆ రాత్రి ఆయన వేసిన షాట్లు 49, పడ్డవి 23. తప్పినవి 26! ఫ్రీత్రోల్లో 20కి 17. స్పర్స్ ఆ మ్యాచ్ 153–132తో ఓడిపోయారు కూడా. ఒక మనిషి టైటిల్ కోసం జట్టంతా ఆడటం సబబేనా అంటే, నాకు పూర్తిగా నచ్చదు. కానీ వరసగా తప్పాక కూడా తర్వాతి షాట్‌లో చెయ్యి బిగుసుకోకపోవడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ రాత్రి కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. డిఫెన్స్ మీద పెద్దగా మనసు పెట్టేవాడు కాదు. 1979 ప్లేఆఫ్స్‌లో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో వాషింగ్టన్ బుల్లెట్స్ మీద 3–1 ఆధిక్యంలో ఉండి కూడా స్పర్స్ సిరీస్ పోగొట్టుకున్నారు. గెర్విన్ ఒక్కసారి కూడా ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడలేదు. చివరి ఎన్‌బీఏ సీజన్ 1985–86లో షికాగో బుల్స్‌కి ఆడాడు. 1996లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.

ఈ వారం సాధన

రోజూ ముందు రింగ్‌కి ఒక అడుగు దూరంలో నిలబడి, ఎగరకుండా, ఒంటిచేత్తో 20 వేయండి. బంతి రింగ్ కంటే కనీసం ఒక అడుగు పైకి లేవాలి. పడిందా లేదా అన్నది మొదటి రెండు రోజులు లెక్కపెట్టకండి, చివరగా ఏ వేలు తాకిందో మాత్రం గమనించండి. అది కుదిరాక ఒక్క అడుగు వేసి ఎగరండి, ఎడమకాలి మీద లేస్తూ కుడి మోకాలు పైకి. ఇంకో 20. ఆ తర్వాతే రెండడుగులు, ఆపైన డ్రిబుల్‌తో పరుగు.

పరుగులోకి వచ్చాక ఒక చిక్కు ఎదురవుతుంది. మీ వేగం బంతికీ అంటుకుంటుంది, అందుకే నిలబడి వేసినప్పుడు పడ్డది ఇప్పుడు రింగ్ దాటి బోర్డుకి కొట్టుకుంటుంది. అప్పుడు చేతి బలం తగ్గించాలని చూడకండి, అది కుదరదు. ఆఖరి అడుగు కాస్త పొట్టిగా వేసి, ముందుకు కాకుండా పైకి ఎగరండి. వేగం అక్కడే ఎత్తుగా మారుతుంది. దూరాన్ని కూడా ఒకేసారి పెంచకండి. రింగ్ దగ్గర పదిలో ఏడు పడుతుంటేనే ఒక అడుగు వెనక్కి జరగండి. ఫ్రీత్రో గీత దగ్గరి నుంచి ఎగరడం ఇప్పుడే వద్దు. ఆ దూరానికి గెర్విన్ చేతి పొడవు కావాలి.

చివర్లో ఎవరినైనా పెయింట్‌లో చేతులెత్తి నిలబడమనండి. బ్లాక్ చేయొద్దని ముందే చెప్పండి. ఎదురుగా చేతులు కనిపిస్తే చాలు, చాలామందికి భుజం బిగుసుకుంటుంది. ఆ టెన్షన్‌లో కూడా బంతి వేళ్ళ కొసల నుంచే వెళ్తోందో లేదో చూసుకోండి.

7వ పాఠంలో గెర్విన్ రెండో ఆయుధం చూద్దాం, పక్కల నుంచి బోర్డుకి తాకించి వేసే బ్యాంక్ షాట్. దానికి బోర్డు మీది చదరంలో ఏ మూల ఎప్పుడు పనికొస్తుందో తెలియాలి కాబట్టి, వీలైతే టేపు తెచ్చుకోండి. ఈలోగా ఇదే సాధన ఎడమచేత్తో కూడా మొదలుపెట్టండి, ఒక అడుగు దూరం నుంచే.