ఎమ్యులేటర్ల కోసం గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు జాగ్రత్తలు

గేమ్ కన్సోళ్ల ఆటలను కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్లే ఎమ్యులేటర్లు. వాటి కోసం కొత్త కార్డుకు డబ్బు పెట్టే ముందు ఒక్క పరీక్ష చేయండి. ఆగి ఆగి నడుస్తున్న గేమ్ తెరిచి, సెట్టింగుల్లో ఇంటర్నల్ రిజల్యూషన్‌ని (గేమ్ బొమ్మను గీసే సైజు) నేటివ్‌కి, అంటే అసలు కన్సోల్ సైజుకి దించండి, గేమ్‌క్యూబ్, వీ ఆటల ఎమ్యులేటర్ డాల్ఫిన్‌లో అయితే అది 640×528. స్పీడు 100 శాతానికి వచ్చేస్తే కార్డే చాలట్లేదు, మార్చండి. ఏమీ మారలేదా? అయితే లోపం ప్రాసెసర్‌ది, ఎంత పెద్ద కార్డు పెట్టినా అదే నత్తనడక, ఇది చూసుకోకుండా కొని తర్వాత బాధపడేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ప్లేస్టేషన్ 3 ఎమ్యులేటర్ ఆర్‌పీసీఎస్3 అయితే మరీనూ, దాని భారమంతా దాదాపు ప్రాసెసర్ మీదే.

కొత్త సీన్ వచ్చినప్పుడల్లా క్షణం బిగుసుకుపోతుంటే అది చాలావరకు షేడర్ల కంపైలేషన్ (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములను అప్పటికప్పుడు తయారు చేయడం), దానికీ కార్డు మందు కాదు.

కార్డుతో గేమ్ మాట్లాడే గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్ వల్కన్, దానికి సపోర్ట్ ఉందో లేదో తప్పనిసరిగా చూసుకోండి. పవర్ సప్లై వాట్లు సరిపోతాయా, కార్డు అడిగే 8 పిన్ కేబుల్ దానికి ఉందా?

కేబినెట్ పక్క డోర్ తీసి టేపుతో కార్డు పట్టే చోటు పొడవు కొలవండి, ముందున్న ఫ్యాన్ మందం తీసేసి మిగిలినదే లెక్క. ఇంటెల్ ఆర్క్ కార్డు తీసుకునేటట్టయితే మీ బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు) రీసైజబుల్ బార్, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం, ఉందో లేదో ముందే చూడండి, అది లేకపోతే స్పీడు బాగా పడిపోతుంది.